అందరికి నొకే పాఠమా?

ఏటేట జూన్ మాసమున పాఠశాలలు తెరచిన నాటినుండి యుపాధ్యాయునకును పాఠ్యపుస్తకమునకును నొక పందెము మొదలగును. ఈ నెలకు నిన్ని పాఠములు ముగియవలెనని పై యధికారులు నిర్ణయింతురు. ముగించితినని యుపాధ్యాయుడు లెక్క వ్రాయును. లెక్క సరిగా నున్నదని తనిఖీదారు సంతకము చేయును. ఈ మువ్వురును సంతుష్టులే. కాని మూడవ తరగతి బాలబాలికల నొకసారి దగ్గరకు పిలిచి, పుస్తకము చేతికిచ్చి చదువుమనుడు. ఒకడు గడగడ చదివి కథలోని సారాంశమును గూడ చెప్పును. ఒకతె యొక్కొక్క పదమును కూడబలుకుకొనును. మరియొకడు గుణింతములకడ నాగిపోవును. ఇంకొకతె పుస్తకమును కన్నులకు మిక్కిలి దగ్గరగా పట్టుకొనును. ఆమెకు తెలివి లేక కాదు, అక్షరము కనబడక. వెనుక వరుసలో నున్న కోయ బాలునకు పాఠములోని మాటలే కొత్తవి. ఈ యైదుగురికిని ఆనాడు చెప్పబడిన పాఠము మాత్ర మొక్కటే. మన ప్రాథమిక విద్య కుంటుపడుటకు గల కారణములలో నిది మొదటిదని మా యభిప్రాయము.

చట్టము దీనినెరుగక పోలేదు. 2009వ సంవత్సరమున పార్లమెంటు అంగీకరించి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన బాలల యుచిత నిర్బంధ విద్యాహక్కు చట్టములోని 24వ సెక్షను ఉపాధ్యాయుని విధులను పేర్కొనుచున్నది. నియమితకాలములో పాఠ్యక్రమమంతయు ముగింపవలెనని యందొక విధి. ఒక్కొక్క శిశువుయొక్క అభ్యసనశక్తిని గుర్తించి, అవసరమైనంత యదనపు బోధన చేయవలెనని దాని వెంటనే మరియొక విధి. ఈ రెండును న్యాయమైనవే. కాని మొదటిదానికి గడువున్నది, రిజిస్టరున్నది, సంజాయిషీ యున్నది. రెండవదానికి వేళయు లేదు, లెక్కయు లేదు, అడుగువాడును లేడు. అడుగబడు పనినే మనుష్యుడు చేయును. అందుచేత నుపాధ్యాయుడు పుస్తకమును ముగించుచున్నాడు; బాలురు మిగిలిపోవుచున్నారు.

ఎందరు మిగిలిపోవుచున్నారు? గ్రామీణ భారతమును గూర్చి ప్రథమ్ సంస్థవారు ప్రకటించిన 2024వ సంవత్సరపు ‘అసర్’ నివేదికను చూచిన తెలియగలదు. ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి చదువు పిల్లలలో రెండవ తరగతి స్థాయి వాచకమును చదువగలవారు నూటికి 23.4 మంది. అయిదవ తరగతిలో నా రెండవ తరగతి వాచకమునే చదువగలవారు నూటికి 44.8 మంది. అనగా అయిదేండ్లు బడికి వచ్చి, హాజరు పలికి, మధ్యాహ్న భోజనము చేసి, పుస్తకములు మోసిన పిల్లలలో సగముకన్న నెక్కువమంది రెండవ తరగతి పుస్తకమును చదువజాలకున్నారు. వీరు బడికి రానివారు కారు. బడిలోనే కూర్చుండి చదువునకు దూరమైనవారు. మూడవ తరగతి ముగియునాటికి ప్రతి శిశువునకును చదువుట, వ్రాయుట, లెక్కించుట రావలెనని కేంద్ర ప్రభుత్వమువారు 2021 జూలైలో ‘నిపుణ్ భారత్’ అను నుద్యమమును ప్రారంభించి, 2026-27ను గడువుగా పెట్టుకొనిరి. గడువు పెట్టినంతమాత్రమున అక్షరము రాదు. బోధించు తీరు మారవలయును.

మన పాఠకులలో పెక్కుమంది వ్యవసాయదారులు. ఈ విషయము వారికి వేరుగా బోధింప నక్కరలేదు. నల్లరేగడిలో వేయు పంటను ఎఱ్ఱచెల్కలో వేయువాడు రైతు గాడు. ఒకే కమతములో మెరకకు నొక తడి, పల్లమునకు నొక తడి పెట్టుట మనమెరుగుదుము. కాలువనీరు విడిచినప్పుడు మొదటనున్న పొలములు ముందుగా తడియును. పంపకము నెవ్వరును పట్టించుకొననిచో కొసనున్న చేలకు చుక్కయైన నందదు. నీరు విడిచితిమి గదా యని యింజనీరు చెప్పిన, శివారు రైతు ఊరకుండునా? బోధన విషయములో మాత్రము మనము ఊరకున్నాము. ముందు వరుసలోని నలుగురు తలలూపినచో పాఠమందినదని యనుకొనుచున్నాము. కొసనున్నవాని చేను ఎండినచో, అది వాని తలవ్రాత యని త్రోసివేయుచున్నాము.

పిల్లలు వేరువేరు మెట్లపై నుండుటకు కారణములు వేరువేరు. ఇంటిలో చదువుకొన్న తల్లిగలదానికిని, తెల్లవారకముందే తల్లి కూలికి పోవుదానికిని సాయంకాలము సమానము కాదు. పాలమూరునుండి వలసపోయిన కుటుంబము మరలివచ్చునప్పటికి బాలుడు కొన్ని నెలల చదువు పోగొట్టుకొని యుండును. విద్యాహక్కు చట్టము వానిని వయస్సునకు దగిన తరగతిలో చేర్చుకొమ్మని చెప్పి, వానికి ప్రత్యేకశిక్షణ నియ్యవలెనని గూడ చెప్పినది. చేర్చుకొనుట జరుగుచున్నది, శిక్షణ పలుచోట్ల జరుగుటలేదు. చూపు మందగించినవారు, వినికిడి తక్కువైనవారు కొందరు. తెలివి చురుకుగానే యున్నను అక్షరములు తారుమారుగా తోచి చదువజాలనివారు కొందరు. ఇట్టి అభ్యసన వైకల్యములను 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము పేర్కొని యున్నది. ఇంటిభాష వేరై, బడిభాష వేరైనవారు కొందరు. వీరందరిని ‘మొద్దులు’ అను నొక్క మాటలో చుట్టివేయుట మనకు అలవాటైనది. ఆ మాట బాలుని లోపమును చెప్పదు. మన యజ్ఞానమును చెప్పును.

ఇచ్చట నొక భ్రమను తొలగింపవలసి యున్నది. చూచి నేర్చువారు, విని నేర్చువారు, చేసి నేర్చువారు అని పిల్లలను మూడు తెగలుగా విడదీసి, ఒక్కొక్క తెగకు నొక్కొక్క బోధన కావలెనను వాదము శిక్షణశిబిరములలో ప్రచారములో నున్నది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి, 2008లో ప్రకటించిన విమర్శనములో ఈ వాదమునకు తగిన ప్రమాణములు లేవని తేల్చిరి. చూచుట, వినుట, చేయుట అందరు పిల్లలకును కావలసినవే. వారి భేదములలో ముఖ్యమైనవి యేవనగా: వారికి ఇప్పటికే వచ్చిన దెంత, రానిదెంత, ఏ భాషలో వచ్చును, ఏ యడ్డంకివలన రాలేదు. ఉపాధ్యాయుడు తెలిసికొనవలసినవి ఈ నాలుగే.

ఇది పరదేశమునుండి దిగుమతి చేసికొన్న నూతన సిద్ధాంతమని కొందరు తలంతురు. అది సరికాదు. మన పూర్వపు వీధిబడిలో తరగతులు లేవు. ఒకడు ఇసుకలో ఓనమాలు దిద్దుచుండగా, ఒకడు తాటాకుపై గంటముతో వ్రాయుచుండెను. ఒకడు ఎక్కములు వల్లించుచుండగా, మరియొకడు పద్యమున కర్థము చెప్పుచుండెను. ఎవని పాఠము వానిదే. పెద్దవాడు చిన్నవానికి నేర్పుచుండెను. 1789లో చెన్నపట్టణపు ఎగ్మూరులోని అనాథబాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు, దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ రీతిని తానవలంబించి, బాలురచేతనే బాలురకు చదువు చెప్పించెను. 1797లో నాతడు దానిని గూర్చి లండనులో గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండులో నది ‘మద్రాసు పద్ధతి’ యను పేర వ్యాపించెను. 1822లో సర్ థామస్ మన్రో దేశీయ విద్యను గూర్చి విచారణ చేయించినప్పుడు, బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదికలో తన జిల్లాలోని 533 పాఠశాలలను పేర్కొనుచు, ముందున్న విద్యార్థులు వెనుకనున్నవారికి నేర్పు రీతిని మెచ్చుకొనెను. నేటి అనంతపురము సీమ అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే.

ఐనను పూర్వమంతయు స్వర్గమని చెప్పుట సత్యము గాదు. ఆ బడులలో బాలికలు అరుదు, పెక్కు కులములవారికి ప్రవేశమే లేదు, బెత్తము మిక్కుటము. పిల్లలు తమ కర్థముకాని కావ్యభాషను చిలుకలవలె వల్లించుచున్నారని కాంబెల్ ఆ నివేదికలోనే నిందించెను. కావున మనము గ్రహింపవలసినది వీధిబడియందలి యొక్క సుగుణమును మాత్రమే: బాలుడెక్కడ నుండెనో అక్కడనుండి పాఠము మొదలిడుట. తరువాత వచ్చిన తరగతిపద్ధతి బడి తలుపులను పెక్కుమందికి తెరచినది. దానికి మనము కృతజ్ఞులము. కాని తలుపు తెరచిన ఆ పద్ధతియే లోపలికి వచ్చినవారి నందరను ఒక్క యడుగుతో నడువుమన్నది.

భాష విషయమున మన తెలుగువారిలోనే గొప్ప మార్గదర్శి కలడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి, కొండలలోని సవరల భాష నేర్చుకొని, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సవర బాలురకు వారి మాటలతోనే చదువు చెప్పించిరి. బాలుడు గురువు భాషలోనికి వచ్చుటకు ముందు గురువు బాలుని భాషలోనికి పోవలెనని వారి జీవితము బోధించుచున్నది. 1940లో వారు దివంగతులైరి. ఈనాటికిని కోయ, గోండు, లంబాడి, సవర గూడెములనుండి వచ్చు శిశువు, మొదటి దినముననే తెలుగును, దానితోపాటు ఇంగ్లీషును ఎదుర్కొనుచున్నది. ఇంగ్లీషు నేర్వవద్దని మేము చెప్పము. ఇంటిభాషపై కాలూని పరభాషకు చేయిచాపుట సులభము. కాలూనుటకు చోటులేనివాడు చేయిచాపిన, పడును.

ఈ సమస్య కొక సమాధానము మన రాయలసీమలోనే పుట్టినది. మదనపల్లె సమీపమునగల రిషివ్యాలీ విద్యాకేంద్రమువారు, చుట్టుప్రక్కల పల్లెలలోని ఏకోపాధ్యాయ పాఠశాలలకొరకు నొక పద్ధతి నేర్పరచిరి. సంవత్సరపు పాఠ్యభాగమంతయు నందు చిన్న చిన్న మెట్లుగా విభజింపబడి, నిచ్చెనవలె గోడపై చూపబడును. ఒక్కొక్క మెట్టునకు పరిచయము, అభ్యాసము, పరీక్ష, తప్పినవానికి మరల బోధన, నెగ్గినవానికి అదనపు పని—వీటికి వేరువేరు కార్డులుండును. కార్డులపై బొమ్మల గుర్తులుండుటచే, చదువురాని శిశువుకూడ తన కార్డును తానే తెచ్చుకొనగలదు. పిల్లలు కొందరు ఉపాధ్యాయుని సన్నిధిని, కొందరు ఆయన కొంత సాయముతో, కొందరు తోటివారి సాయముతో, కొందరు తమంత తాము పనిచేయుదురు. పది దినములు జ్వరముతో మానివేసిన బాలిక తిరిగివచ్చినప్పుడు, తాను విడిచిన మెట్టునొద్దనే మొదలు పెట్టును. తరగతి తన్ను విడిచిపోయినదను భయము లేదు. కర్ణాటకమున 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకాలో మొదలైన ‘నలి కలి’కి ఈ పద్ధతియే ప్రేరణము. తమిళనాడులో 2003లో చెన్నై నగరపాలక సంస్థ పాఠశాలలు కొన్నిటిలో ప్రవేశించి, తరువాత 2007నాటికి రాష్ట్రమంతట ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు విస్తరించినదియు దీనినుండి పుట్టినదే. మన యింటి దీపము పొరుగిండ్లలో ముందుగా వెలిగినది.

ఈ మార్గము ఫలించుననుటకు పరీక్షలును గలవు. బొంబాయి, వడోదర నగరముల మునిసిపలు పాఠశాలలలో 2001 మొదలు మూడు నాలుగు తరగతులలో వెనుకబడిన పిల్లలను దినమునకు రెండుగంటలు ప్రక్కకు తీసికొని, ఆ పేటలోని యువతులచేత మూలపాఠములు చెప్పించిరి. ‘బాలసఖి’ యనునది దాని పేరు. పిల్లలు స్పష్టముగా ముందుకు వచ్చిరని పరిశోధకులు లెక్కకట్టి చూపిరి. ఆ పరిశోధకులలోని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అనువారికి, మైకేల్ క్రేమరుతోపాటు, 2019లో అర్థశాస్త్రమునకు నోబెల్ బహుమానము లభించినది. హర్యానాలో 2012-13లో ప్రభుత్వోపాధ్యాయులే దినమునకు నొకగంట తరగతుల గోడలను మరచి, మూడునుండి అయిదవ తరగతివరకుగల పిల్లలను వారివారి చదువు స్థాయినిబట్టి గుంపులుగా కూర్చుండబెట్టి బోధింపగా, హిందీ పఠనమున మంచి వృద్ధి కనబడెను. బీహారమున మాత్రము ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చి, పుస్తకములిచ్చి, ప్రత్యేకమైన వేళ నియ్యక విడిచినప్పుడు బడులలో ఫలితము కనబడలేదు. ఆ రాష్ట్రముననే వేసవి శిబిరములలో అట్టి యుపాధ్యాయులే ఆ పని చేసినప్పుడు ఫలితము కనబడెను. దీనినిబట్టి తెలియునదేమి? ఉపాధ్యాయునకు శక్తి లేకపోలేదు. వేళయు, అనుమతియు లేవు.

ఆక్షేపణలు లేకపోలేదు. ఒక యుపాధ్యాయుడు ముప్పదిమందికి ముప్పది పాఠము లెట్లు చెప్పగలడని యడుగుదురు. ముప్పది పాఠములు చెప్పుమని యెవ్వరును కోరుటలేదు. మూడు నాలుగు గుంపులు చాలును. ఐనను ఈ యాక్షేపణలో సత్యము కొంత కలదు. 2024-25 ప్రభుత్వ గణాంకములనుబట్టి దేశమున ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,04,125 కలవు. వానిలో 12,912 ఆంధ్రప్రదేశ్‌లోనే యుండి, ఆ రాష్ట్రము ఈ జాబితాలో మొదటి స్థానమున నిలిచినది. ఇట్టి ప్రథమస్థానము గర్వింపదగినది కాదు. విద్యాహక్కు చట్టప్రకారము అరువదిమంది లోపుగల ప్రాథమిక పాఠశాలకైనను ఇద్దరుపాధ్యాయులుండవలెను. ఉన్న యొక్కడు సెలవుపై పోయిన బడికి తాళమే గతి. వచ్చిననాడు సెల్ ఫోనులో వివరములు నింపుట, సమావేశములకు పోవుట, బియ్యము లెక్క చూచుట వాని పనులు. మిగిలిన వేళలో బోధన. ఇట్టివానిని నిందించుట సులభము; వానికి తోడు నిచ్చుట కర్తవ్యము.

రెండవ యాక్షేపణ మరింత గంభీరమైనది. స్థాయినిబట్టి గుంపులు చేసినచో, వెనుకబడిన గుంపు శాశ్వతముగా మాలమాదిగల పిల్లల గుంపు, కూలివారి పిల్లల గుంపు కాగలదని భయపడువారున్నారు. ఈ భయము నిర్హేతుకము కాదు. వేరుచేసి కూర్చుండబెట్టుటలో మన దేశమున కెంతటి చెడు నేర్పు గలదో చరిత్ర చెప్పుచున్నది. కావున గుంపులు దినములో నొకగంటకు మాత్రమే యుండవలెను. ఒక్కొక్క విషయమునకు వేరువేరుగా నుండవలెను. కొన్ని వారముల కొకసారి పరీక్షించి మార్పవలెను. చదువులో వెనుకనున్నవాడు లెక్కలలో ముందుండవచ్చును. గుంపుపేరు పిల్లవాని పేరు కారాదు. ఆటలు, భోజనము, కథలు, ఇతర పాఠములు అందరికిని కలిసియే జరుగవలెను. ఈ నియమములు లేక గుంపులు చేయుటకన్న చేయకుండుట మేలు.

ఇక ప్రభుత్వములు చేయవలసిన పనులను మేము స్పష్టముగా చెప్పుదుము. ఒకటవది, ఒకటినుండి అయిదు తరగతులవరకు ప్రతిదినము చదువునకు నొకగంట, లెక్కలకు నొకగంట స్థాయినిబట్టి బోధించుటకు కాలపట్టికలోనే కేటాయింపవలెను. ఆ వేళలో పాఠ్యపుస్తకము ముగించుటను గూర్చి యెవ్వరును అడుగరాదు. తెలంగాణమున 2022లో ‘తొలిమెట్టు’ అను పేర మూలవిద్యకై యత్నము మొదలైనది; ఇట్టి యత్నములు మంత్రులతోపాటు మారక నిలువవలెను. రెండవది, ఏకోపాధ్యాయ పాఠశాలలన్నిటికిని రెండవ యుపాధ్యాయుని నియమింపవలెను. మూడవది, బడిలో చేరిన సంవత్సరముననే ప్రతి శిశువుయొక్క కన్నులను, చెవులను పరీక్షింపించి, అద్దములు, వినికిడి పరికరములు ఉచితముగా నియ్యవలెను. కొందరు పిల్లల విషయములో బోధనాసంస్కరణమంతయు నొక జత కంటియద్దములలో నున్నది. నాల్గవది, గూడెముల బడులలో మొదటి తరగతులకు ఆ భాష తెలిసినవారిని నియమింపవలెను. ఐదవది, తనిఖీదారు బడికి వచ్చినప్పుడు మొదట రిజిస్టరును గాక, వెనుక వరుసలోని పిల్లవానిని పిలువవలెను. పై యధికారి యడుగు మొదటి ప్రశ్న మారిననాడు పాఠశాలయు మారును.

ప్రభుత్వమును గూర్చి యింత వ్రాసి, మనలను గూర్చి వ్రాయకుండుట న్యాయము గాదు. ఊరిలోని భూస్వాములును, పట్టణములలోని వకీళ్లు, వైద్యులు, వర్తకులును తమ పిల్లలను రుసుము చెల్లించి వేరుబడులకు పంపుచున్నారు. అందుకు వారిని నిందింపము. ఎవని బిడ్డ వానికి ముద్దు. కాని వారి బిడ్డలు వీడిపోయిన నాటినుండి యూరిబడిని గూర్చి యడుగువాడు లేకపోయెను. రుసుము పుచ్చుకొను బడులలో ఈ దోషము లేదనుకొనుటయు పొరపాటు. అందును ఒక్క పాఠమే, ఒక్క వేగమే. వెనుకబడినవానికి సాయంకాలపు ట్యూషను గతి. అచ్చట లోపమును తండ్రి ధనము కప్పును. ఊరిబడిలో కప్పుటకు ధనము లేదు. భేదమంతయు నింతే.

పత్తి యేరు దినములలో బడిలోని హాజరు తగ్గుట మనకు తెలియనిది కాదు. మన చేలో పత్తి యేరు బాలిక, మూడవ తరగతిలో చదువజాలక మిగిలిపోయిన బాలిక, ఒక్కతెయే కావచ్చును. ఆమె పోగొట్టుకొన్న నెలను ఏ ఉపాధ్యాయుడు, ఏ కార్డు పూర్తిగా తిరిగి యియ్యగలదు? ఆమె తల్లికి న్యాయమైన కూలి యిచ్చి, బిడ్డను బడికి పంపుమని చెప్పుట రైతు చేయగల విద్యాదానము. దీనికి జీ.ఓ. అక్కరలేదు. ఊరిలో చదువుకొని యింటనున్న కోడండ్రు, కూతుండ్రు దినమున కొకగంట బడికి పోయి నలుగురు పిల్లలచేత చదివించినను, బొంబాయి పేటలలోని యువతులు చేసిన పనినే మన పల్లెలలో చేసినట్లగును. పాఠశాల యాజమాన్య సంఘములో ముప్పాతికమంది తల్లిదండ్రులే యుండవలెనని చట్టము చెప్పుచున్నది. ఆ కూలి తల్లులు సభలో నోరు విప్పునట్లు చూచుట ఊరి పెద్దల మర్యాద.

దేశమన మట్టి గాదని మనము పలుమారు పలుకుదుము. ఆ మనుష్యులు మన యూరిబడి వెనుక వరుసలో కూర్చుండి యున్నారు. వారు ముందు వరుసకు వచ్చువరకు వేచియుండి పాఠము చెప్పుదమనుట విద్య గాదు. పాఠమే వారియొద్దకు నడచిపోవలెను. నీటి పంపకములో కొసచేనికి తడి యందినదా యని చూచువాడే మంచి కాలువ కాపరి. పాఠశాల విషయములోను మనము చూడవలసిన దదియే.